ఆరో పాఠం

మా రూతుకు పదేళ్ళు. పోలియోతో రెండు కాళ్ళూ పడిపోయాయి. మెట్లెక్కించే మనిషి లేడని బడివాళ్ళు వద్దన్నారు కాబట్టి దాని చదువంతా ఇంట్లో, నా దగ్గరే. ఈ రోజు చిత్తూరులో క్రైస్తవ పుస్తకాల అంగడికి పోయి, చాలాసేపు వెతికి బైబిలు పాఠాల పుస్తకం ఒకటి ఏరాను. పన్నెండు పాఠాలు, ఒక్కోదానికి ఒక రంగుల బొమ్మ. ఆరో పాఠం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ బొమ్మలో నడవలేని మనిషి యేసయ్య మాటతో లేచి, పరుపు భుజాన వేసుకుని నడిచిపోతున్నాడు.

"ఇది లేని పుస్తకం ఏదన్నా ఉందా అన్నా?" అని అడిగాను.

"అది లేకుండా యాడుంటాది మా? పిల్లోళ్ళకు అన్నిటికన్నా నచ్చేది అదే" అన్నాడు అంగడాయన.

కొన్నాను. బస్సులో ఆ పాఠాన్ని చించి, మడిచి సంచి అడుగున దాచాను. పాఠాలకు అంకెలున్న సంగతి నాకు తట్టలేదు.

సాయంత్రం రూతు పుస్తకం తిప్పుతూ, "అయిదు తర్వాత ఏడుండాది. ఆరు యాడమ్మా?" అంది.

"అచ్చు వెయ్యడం మరిచిపోయినట్టున్నారు" అన్నాను.

చిరిగిన అంచును వేలితో తడిమింది. "ఆ కత నాకు తెలుసులేమ్మా, పాస్టరయ్య చెప్పినాడు. యేసయ్య మనూరికి రాలేదు, అంతే కదా" అంది.

అబద్ధమాడకూడదని చెప్పేది పదో పాఠం. దాన్ని కూడా చించెయ్యమంటారా? పిల్లలున్నవాళ్ళు, మీరే చెప్పండి.