పిలవకుండా వెళ్లాల్సిన ఇల్లు

మా పక్కింటాయన పోయాడన్న సంగతి నాకు పాలు పోసే ఆమె చెప్పింది. ఇన్నేళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ బతికిన మనిషి పోతే, కబురు వీధంతా తిరిగి చివరికి నా గుమ్మం దగ్గరికి వచ్చింది. "నీకు తెల్వదా సారూ? తెల్లారంగ పానం పోయింది" అని ఆమె నన్ను వింతగా చూసింది.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పదకొండో రోజున మా నాచారం పెద్దమనుషులు ఆయన్ని ఆకాశానికెత్తారు. దానకర్ణుడన్నాడు ఒకాయన. బతికుండగా ఆయనతో గట్టు తగాదా పెట్టుకుని ఉప్పల్ దాకా పంచాయితీ ఈడ్చింది ఆ ఒకాయనే. నేనలా రాయలేను. ఆయనతో నాకొక పేచీ ఉంది. అది తేలకుండానే వెళ్లిపోయాడు.

ఉప్పల్ వైపు గుమస్తా ఉద్యోగం దొరికి, నేను గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగాను. అప్పటికి నా భార్య పోయి ఏడాది కాలేదు. పుస్తకాల పెట్టెలు దింపుతుంటే ఆయన తన గుమ్మంలోంచే అడిగాడు: "ఏం పంతులూ, ఒక్కనివే వచ్చినవా?" నేను పంతుల్ని కాను. పైగా మా వైపు ముక్కూమొహం తెలియనివాణ్ణి 'నువ్వు' అనరు. జవాబు చెప్పకుండా లోపలికి పోయాను. సాయంత్రం కడవెడు నీళ్లు తెచ్చి నా అరుగు మీద పెట్టాడు. "ఆ బాయి నీళ్లు ఉప్పగుంటయి. ఇవి తాగు" అని, నా మొహం కూడా చూడకుండా వెళ్లాడు.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదవడం నా అలవాటు. ఆయనకు చదువు రాదు. చుట్ట వెలిగించుకుని వచ్చి గొంతుక్కూచుని "బయటికి సదువు జర" అనేవాడు. మంత్రుల ప్రసంగాలు వచ్చినప్పుడు "అది ఇడిసిపెట్టు, వానల ముచ్చట సెప్పు" అనేవాడు. ఎక్కడో సముద్రంలో ఓడ మునిగిందని చదివితే మర్నాడు కూడా గుర్తుపెట్టుకుని, "ఆ ఓడోళ్లు దొరికిండ్రా?" అని అడిగేవాడు. పేపరువాళ్లకు లేని శ్రద్ధ అది. ఒకసారి అన్నాడు: "పేపర్ల అచ్చరం సచ్చి పడుంటది పంతులూ. నువ్వు సదివితే లేస్తది." జీవితంలో నా చదువును ఎవరైనా మెచ్చుకున్నారంటే అదొక్కటే. మా ఆఫీసు అధికారులకు నేను చదువుతానన్న సంగతే తెలియదు.

ఆ మాట అన్నవాడే రేడియో కొన్నాడు.

నాచారానికి ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెనకే మా వీధికి కరెంటు వచ్చింది. ఆయన రేడియో తెచ్చి, నా అరుగు వైపు కిటికీలో, మొహం నా మీదికి ఉండేలా పెట్టాడు. మర్నాడు చుట్టతో రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వార్తలు మాత్రం కిటికీలోంచి దబదబా వచ్చి పడ్డాయి. అంతవరకూ నేను గొంతు చించుకుని చేసిన పని, ఒక కర్రపెట్టె దగ్గూ ఆయాసం లేకుండా చేసేసింది. ఆ రోజు నుంచి పేపరు మనసులోనే చదువుకున్నాను.

మాటలు ఆగిపోలేదు. నీళ్ల గురించో దోమల గురించో మాట్లాడుకునేవాళ్లం. అప్పుడప్పుడు గోడ మీంచి తొంగి చూసి "పేపర్ల ఏమున్నది పంతులూ?" అనేవాడు. "నీ డబ్బా చెప్పలేదా?" అనేవాణ్ణి. నవ్వేవాడు. ఆ నవ్వు ఎగతాళి అనే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఎలాంటి నవ్వో గుర్తు రావడం లేదు.

ఆ పదకొండో రోజున, పెద్దమనుషులు తిని వెళ్లిపోయాక ఆయన భార్య నన్ను ఆపింది.

"డబ్బ నీ కోసమే తెచ్చిండు సారూ."

నేను తెల్లబోయాను.

"నీకు దగ్గు ఎక్కువుండె గదా. మా పంతులు నాకు సదివి సదివి గొంతు పోగొట్టుకుంటుండు, డబ్బ తెస్తే ఇద్దరం కూసోని ఇంటం అన్నడు. కిటికీల పెట్టి దినాం సూసిండు. నువ్వైతే రాకపోతివి."

"పిలవలేదు కదమ్మా!"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "పక్కింటోళ్లను పిలుస్తరా? పిలిస్తే సుట్టాలైతరు, ఇంటోళ్లెట్లయితరు?"

మా ఊళ్లో పిలవని గడప తొక్కినవాణ్ణి సిగ్గులేనివాడంటారు. ఇక్కడ పిలిపించుకునేవాణ్ణి పరాయివాడంటారట. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా ఆయన నోరు తెరిచి ఒక్క మాట అంటే ఏం పోయింది? కడవ నీళ్లు పెట్టి చెప్పకుండా వెళ్లినట్టే, రేడియోనూ పెట్టి చెప్పకుండా వెళ్లాడు. కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు. ఒంటరివాణ్ణని జాలిపడి ఆమె ఈ మాట కల్పించిందేమో కూడా తెలియదు. నిజమైతే నేను పోగొట్టుకున్నది స్నేహితుణ్ణి. అబద్ధమైతే నన్ను వద్దనుకున్న మనిషిని. ఎవరి కోసం దుఃఖపడాలి?

నిన్న సాయంత్రం, ఎవరూ పిలవకుండా, వాళ్లింట్లోకి వెళ్లాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. లేవలేదు, మర్యాద చేయలేదు. కాలితో పీట నా వైపు జరిపింది.

"డబ్బ పెట్టు సారూ. నాకు రాదు."

నాకూ రాదు. ఏదో బొత్తాం తిప్పాను. కాసేపటికి లోపల వెలుగు వచ్చింది. గరగరమంది. ఆ గరగరలోంచి ఒక మగగొంతు, నేను ఎన్నడూ వినని భాషలో, నింపాదిగా ఏదో చెప్పుకుపోతోంది.

"ఏమంటుండు?" అంది ఆమె.

"తెలియదమ్మా."

ఇంకో బొత్తాం మీద చెయ్యి వేశాను.

"ఉండనియ్యి" అంది, చేట పక్కన పెట్టి. "సెప్పనియ్యి, పాపం."

ఇద్దరం విన్నాం.