నాసిక్‌కు మేం వేసిన ప్లాను

ఆ రోజుల్లో మాకు అలసట ముందుగా గొంతులో తెలిసేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఫ్రంట్ ఆఫీసులో నేనూ నా స్నేహితురాలూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఫీజెంత, హాస్టల్ ఉందా, మావాడికి సీటొస్తుందా" అన్న ప్రశ్నలకే జవాబులు చెప్పేవాళ్లం. (చివరిదానికి జవాబు దేవుడికే తెలియదు గానీ, మేం నవ్వుతూ తలూపాలి.) ఎల్బీనగర్‌లో ఇంటికి చేరాక అమ్మ "అన్నం పెట్టాల్నా" అంటే, "బ్రోచర్‌లో ఉందండీ" అనబోయి ఆగిన సాయంత్రాలున్నాయి.

నా స్నేహితురాలిని అందరం క్యాలెండర్ అనేవాళ్లం. ఏ పండుగ ఏ వారం పడుతుందో, ఎక్కడ ఒక సెలవు పెడితే మూడు రోజులు కలిసొస్తాయో నోటికి చెప్పేది. వాళ్లది వనస్థలిపురం, ఏనాడో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. దానికి పెళ్లి కుదిరింది. అబ్బాయిది వైజాగ్. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతైనా తీయకుండా ఫోన్ నా ముందు పెట్టింది. నాసిక్ దగ్గర ద్రాక్షతోట, పందిరి కింద కుర్చీలు, సన్నటి గ్లాసులు. "రెండ్రోజులే. రకరకాల వైన్ కొంచెం కొంచెం పోస్తారంట, రుచి చూసి ఎలా ఉందో చెప్పాలంట. పెళ్లయ్యాక నన్నెవరు పంపుతారే? ఇదొక్కటీ వెళ్లొద్దాం" అంది. వీడియోలో వాళ్లు గ్లాసు తిప్పి, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేస్తున్నారు. "ఉమ్మేసెటందుకు గంత దూరం పోవాల్నానే?" అన్నాను గానీ నాకూ ఆశ పుట్టింది. నిజం చెప్పొద్దూ, వైన్ మీద కాదు, ఆ కుర్చీ మీద. అందులో కూర్చున్నవాళ్లను ఎవరూ ఫీజెంత అని అడగడం లేదు.

ఇంట్లో అబద్ధం చెప్పలేదు. "నాసిక్ పోతున్నం" అన్నాను, అంతే. మా వీధిలో నాసిక్ అంటే షిర్డీకి దారి, ఇంకో అర్థం లేదు. అమ్మ చాట పక్కన పెట్టి దండం పెట్టుకుంది. "ఎన్నేండ్ల సంది అనుకుంటున్న బిడ్డా! నేను గూడ ఒస్త." కాదంటే కారణం చెప్పాలి, కారణం చెప్పే ధైర్యం నాకు లేదు. అటు క్యాలెండర్ వాళ్లమ్మ కూడా "ఆడపిల్లలిద్దరే ఎలా వెళ్తారు, నేనూ వస్తానుండండి" అన్నారట. తర్వాత కింద కిరాయికుండే అక్క, అల్మాస్‌గూడ మేనత్త, ఆమె వియ్యపురాలు. రైలు పోయి టెంపో వచ్చింది. మేం రోజూ ఫోన్‌లో ప్లాను సర్దేవాళ్లం. దర్శనమయ్యాక పెద్దవాళ్లను రూములో పడుకోబెట్టి, మేం ఆటోలో తోటకు జారుకోవాలి. (షిర్డీ నుంచి నాసిక్ ఆటోలో పోయే దూరం కాదని తెలిశాక, ఆటో తీసేసి కారు పెట్టాం.) సర్దీ సర్దీ, వెళ్లకముందే వెళ్లొచ్చినంత అలసిపోయాం.

తీరా బయల్దేరే ముందురోజు ఎంట్రన్స్ ఫలితాలొచ్చాయి. ఆఫీసంతా తల్లిదండ్రులే. సెంటర్ నడిపే సార్ మా సెలవు రద్దు చేశారు. "ఇద్దరు ఒక్కపారే పోతే కౌంటర్ల నేను కూసోవాల్నా?" క్యాలెండర్ వెళ్లి ముఖం కడుక్కొచ్చింది, కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. టెంపో వద్దని చెబుదామని ఇంటికొస్తే అమ్మ అప్పటికే పులిహోర కలుపుతోంది. "బాబా పిలిస్తెనే పోతరు. మిమ్ముల పిలువలే, మమ్ముల పిలిచిండు, గంతే" అని తేల్చేసింది. మా సీట్లు ఖాళీగా మాత్రం పోలేదు.

ఆ ఆదివారం సాయంత్రం క్యాలెండర్ మా ఇంటికొచ్చింది. ఇద్దరం వీధి చివర వైన్స్ ముందు నుంచి అటొకసారి ఇటొకసారి నడిచి, పక్క షాపులో తలనొప్పి మాత్రలు, బండి మీద నల్లద్రాక్ష కొనుక్కుని వచ్చేశాం. ద్రాక్ష మిక్సీలో వేసి, స్టీలు గ్లాసుల్లో పోసుకుని డాబా మీద కూర్చున్నాం. అది గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్లు మూసుకుని, "ముందు తీపి, తర్వాత పులుపు, చివర్లో వెల్లుల్లి" అంది. (మిక్సీ జారు నేనే కడిగాను.) పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వాగాక "నాకు నిజంగానే వెళ్లాలనుండిందే" అంది. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఇద్దరం చాప మీదే నిద్రపోయాం.

టెంపో తిరిగొచ్చింది. అమ్మ విభూతి పెట్టి, ప్రసాదం పంచి, నన్ను వంటింట్లోకి పిలిచింది. "దర్శనమైనంక డ్రైవరు ద్రాక్షతోట చూపెడతనని నాసిక్ దిక్కు తోల్కపోయిండు. పందిరి కింద కుర్సీలేసి కూసోబెట్టిండ్రు. సన్న గిలాసలల్ల జర జర పోసి, ఎట్లున్నదో చెప్పుమన్నరు."

చేతిలో ప్రసాదం గట్టు మీద పెట్టేశాను. "తాగినవా?"

"తాగిన. మా అమ్మగారింటి ఈతకల్లే దీనికంటె నయం. గదే చెప్పిన." గొంతు తగ్గించింది. "మీ దోస్తు వాళ్లమ్మకు మాత్రం చెప్పకు. ద్రాక్షరసమనుకోని రెండోపారి గూడ పోయించుకున్నది. దారి పొడుగూత భజన ఆమెనే పాడింది."

క్యాలెండర్ పెళ్లి చేసుకుని వైజాగ్ వెళ్లిపోయింది. తర్వాత నాకూ పెళ్లయింది. ఇప్పటికీ ఏటా ఫోన్ చేసి "ఈసారి ఖాయమే" అంటుంది. పిల్లల పరీక్షలు, దాని అత్తగారి మోకాళ్లు, మా ఆయన ఆడిట్ దాటుకుని ప్లాను నాసిక్ చేరేలోపు నాకు ఆవలింతలొస్తాయి. మొన్న అమ్మ మా ఇంటికొచ్చి ఉన్నప్పుడు అలాగే మాట్లాడుతుంటే లోపలి గదిలోంచి అమ్మ, "గా తోటకేనా? పోతే చెప్పుండ్రి, తోవ నేను చూపిస్త" అంది. అటు క్యాలెండర్ ఒకటే నవ్వు. ఆ కుర్చీ మాకు దక్కలేదు. ఇన్నేళ్లు అందరికీ వండిపెట్టి, ఎలా ఉందని తానే అడిగిన మా అమ్మను అక్కడ కూర్చోబెట్టి, ఎలా ఉందో చెప్పమని అడిగారు. దక్కాల్సినవాళ్లకే దక్కిందిలే అనుకున్నాను. అనుకుంటూనే, వచ్చే డిసెంబరులో సెలవులు ఎక్కడ కలిసొస్తాయో చూడమని క్యాలెండర్‌కు చెప్పాను.