తొమ్మిదో తరగతి ఎవరడుగుతారు

నా మనవరాలికి జావెలిన్ విసరడం నేర్పింది నేనేనని ఖతార్‌లో మేముండే ఈ అల్ ఖోర్‌లో చాలామంది నమ్ముతారు. నమ్మించినవాణ్ణి నేనే కాబట్టి వాళ్ళను అనడానికి లేదు. వయసులో ఉన్నప్పుడు జిల్లా స్థాయిలో ఈటె విసిరేవాణ్ణని, భుజం పట్టేయకపోతే ఎక్కడికో వెళ్ళిపోయేవాణ్ణని చెప్పుకునేవాణ్ణి. నిజానికి నా జన్మలో నేను విసిరినవి మామిడికాయల మీదికి రాళ్ళు మాత్రమే. అవి కూడా సగం పక్కింటి పెంకుల మీద పడేవి. మనవరాలికి నేనిచ్చిన శిక్షణంతా ఒక్కటే. ఆ పిల్ల విసిరిన ఈటె ఎక్కడ దిగబడిందో అక్కడికి నడిచి వెళ్ళి, పీకి, వెనక్కి తెచ్చివ్వడం.

దోహా పక్కన కొత్తగా లేచిన లుసైల్‌లో సగం మేడలు నేనే ఎత్తానని కూడా చెబుతుంటాను. ఎత్తింది క్రేను. క్రేను నడిపింది వేరే మనిషి. కింద నిలబడి ఇంకాస్త పైకి, ఇంకాస్త ఎడమకి అని చేతులతో సైగలు చేసే రిగ్గర్‌ని నేను. ఆ పని చాలించాక కూతురు నన్ను లేబర్ క్యాంప్ నుంచి తన ఇంటికి తెచ్చుకుంది. అల్లుడు గ్యాస్ కంపెనీలో టెక్నీషియన్. వాళ్ళకు ఒక్కతే పిల్ల.

ఆ పిల్లకు ఈటె పట్టడం నేర్పింది ఇక్కడి ఇండియన్ స్కూల్లో డ్రిల్లు మేష్టారు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు సరదాగా విసరమంటే, గీసిన గీతలన్నీ దాటి అవతల నిలబడ్డ పిల్లల దగ్గరిదాకా వెళ్ళిందట. ఆయన పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఎవరికీ తగల్లేదు కదా అని చూసుకుని, అప్పుడు మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అల్లుడు ఒక ఈటె కొన్నాడు. అది కారులో పట్టాలంటే ముందు అద్దం దగ్గర్నుంచి వెనక అద్దం దాకా ఐమూలగా పెట్టాలి. మొనకు టెన్నిస్ బంతి గుచ్చేవాళ్ళం. అది నా చెవి పక్కనుంచి వెళ్ళేది. మలుపు తిరిగినప్పుడల్లా నా బుగ్గకు ముద్దు పెట్టేది. ఒకసారి పోలీసు ఆపి "ఇదేంటి?" అని అరబ్బీలో అడిగాడు. ఒలింపిక్స్‌కి వెళ్తున్నాం అన్నాను. ఆయన పిల్లను చూసి, నన్ను చూసి, "యల్లా, యల్లా" అని నవ్వుతూ పంపేశాడు. మా ఒలింపిక్స్ ఊరి చివర చదును చేసి వదిలేసిన ఖాళీ నేల. తెల్లవారగానే వెళ్ళి, ఎండ ముదరకముందే వచ్చేసేవాళ్ళం.

తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది. డైనింగ్ టేబుల్ దగ్గర మా అమ్మాయి చెప్పింది, నేను విన్నాను.

"తొమ్మిదో తరగతి మార్కులు ఎవరడుగుతారు? అడిగేది పదీ, పన్నెండే. ఈ ఏడాది నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకో. పదిలో మాత్రం ఆ కర్ర ముట్టుకున్నావంటే విరిచేస్తా."

"అది కర్ర కాదమ్మా."

"ఏదైతే అది. విరిచేస్తా."

ఇందులో మా అమ్మాయి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అల్లుడి కంపెనీ ఇళ్ళున్న మా కాంపౌండ్‌లో అందరి ఇళ్ళలో ఇదే మాట. తొమ్మిది అంటే బోర్డు పరీక్ష లేని ఏడాది, స్కూలు వాళ్ళే పేపరు పెట్టి స్కూలు వాళ్ళే దిద్దుకునే ఏడాది. పాసైతే చాలు. డాన్సు నేర్చుకునే పిల్లలు డాన్సు నేర్చుకునేదీ, పళ్ళకు తీగ కట్టించుకునేదీ ఆ ఏడాదే. మా పిల్ల ఆ ఏడాదంతా ఈటె విసిరింది. దోహాలో స్కూళ్ళ పోటీల్లో గెలిచింది. పరీక్షలు ఏదో రాసింది. లెక్కల్లో అంచు మీద నడిచి ఇవతల పడింది. "తాతయ్యా, గట్టెక్కేశా!" అని ప్రోగ్రెస్ కార్డు నా మొహం ముందు ఊపింది. ఇద్దరం వెళ్ళి ఐస్‌క్రీమ్ తిన్నాం. ఆ ఐస్‌క్రీమ్ రుచి ఈ మధ్య తరచు గుర్తొస్తోంది.

పదో తరగతిలో అన్నమాట ప్రకారం ఈటె మంచం కిందికి వెళ్ళింది. పిల్ల మొదటి నెలల్లో చదువుకుంటూ చదువుకుంటూ కాలితో దాన్ని దొర్లించేది. గచ్చు మీద సన్నగా చప్పుడయ్యేది. మా అమ్మాయి వంటింట్లోంచి "వినబడుతోంది!" అని కేక వేసేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆగిపోయింది. చేతులు ఎదిగే వయసులో ఏడాది పాటు భుజం ఊరుకుంది. అయినా మార్కులు తొంభై పైన వచ్చాయి, కాంపౌండ్ అంతా స్వీట్లు పంచాం. నూటికి తొంభైతొమ్మిది అని నేను చెప్పాను. అంత రాలేదు.

పదకొండులో మళ్ళీ మొదలుపెట్టింది. పన్నెండులోకి వచ్చేసరికి ఈటె ఎక్కడ పడుతోందో నా కళ్ళకు ఆనేది కాదు. దిగినచోట లేచే దుమ్మును బట్టి నడిచేవాణ్ణి. ఆ వీడియోలు తనే తీసుకుని, తనే కత్తిరించి, అమెరికాలో కాలేజీ జట్లు నడిపే కోచ్‌లకు పంపింది. అలా పంపొచ్చని మాకు తెలియదు. ఆట బాగుంటే అక్కడ కాలేజీలు ఫీజులో చాలా భాగం తామే పెట్టుకుని చేర్చుకుంటాయని కూడా ఆ పిల్లే చెప్పింది. అల్లుడి జీతంతో అక్కడ ఫీజు కట్టడం జరగని పని. ఆట ఒక్కటే దారి.

ఒక కోచ్ జవాబిచ్చాడు. వీడియోకాల్ పెట్టాడు. తలమీద టోపీ, వెనక గోడమీద వరసగా ఈటెలు. పిల్ల చొక్కా సర్దుకుని కూర్చుంది. అటు ఇటు అమ్మా నాన్నా. నేను కనబడకుండా పక్కన నిలబడమని చెప్పారు, మధ్యలో మాట్లాడతానని భయం. మాట్లాడాను కూడా. "ఐ కోచ్" అన్నాను తల లోపలికి పెట్టి. ఆయన నవ్వి గౌరవంగా తలూపాడు. మనవరాలు టేబుల్ కిందనుంచి కాలు చాపి నా కాలు తొక్కింది.

ఆయన మాట సూటిగా ఉంది. నువ్వు మాకు కావాలి, నీ చేతిలో ఇంకా చాలా ఉంది అన్నాడు. తర్వాత మార్కులు అడిగాడు. అల్లుడు ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. పదో తరగతి మార్కులు గర్వంగా చెప్పాడు. ఆయన విని, సంతోషం, తొమ్మిదో తరగతి నుంచి అన్నీ పంపండి అన్నాడు. సీటు ఇచ్చేది తను కాదట. తను పేరు చెబితే, కాలేజీలో చేర్చుకునే ఆఫీసు మార్కులు ముందుగా చూసి, సరే అంటేనే తను ముందుకు వెళ్ళాలట.

కాల్ అయ్యాక మా అమ్మాయి పకపకా నవ్వింది. "తొమ్మిదెందుకంట వీళ్ళకి? ఎల్కేజీ కూడా అడుగుతారేమో!" అందరం నవ్వాం. పిల్ల కూడా నవ్వింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

మార్కులు పంపారు. జవాబు కోసం ఇంట్లోవాళ్ళు ఎదురుచూశారు. నేను ఎదురుచూడలేదు.

కాంపౌండ్‌లో తిరిగే బస్సు నడిపేది జగిత్యాల వైపు మనిషి. ఆయన పక్క సీటు నాకు దర్బారు. "సీటొచ్చేసిందయ్యా" అన్నాను.

"గట్లనా తాతా! అమెరికా పోతదా పిల్ల?"

"పోతదా ఏంటి, వాళ్ళే విమానం టికెట్టు పంపిస్తామంటున్నారు. పైసా ఖర్చు లేదు. ఆ కోచ్ వీడియో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"అబ్బ! మల్ల ముందుగాల చెప్పకపోతివి! దావత్ ఎప్పుడు?"

"అయ్యో, చెబుతా కదా."

ఆ బస్సు ఎక్కని ఇల్లు లేదు కాబట్టి నేను ఇంకెవరికీ చెప్పాల్సిన పని పడలేదు. అయినా చెప్పాను.

జవాబు అల్లుడికి డ్యూటీలో ఉండగా వచ్చింది. సాయంత్రం ఇంటికి వచ్చి, స్నానం కూడా చేయకుండా, డ్యూటీ బట్టల్లోనే కుర్చీలో కూర్చుని చదివాడు. ఇంగ్లీషులో చదివి, మా కోసం తెలుగులో చెప్పాడు. నాలుగేళ్ళ మార్కులూ కలిపి చూస్తారట. తొమ్మిదికి పదికి తేడా ఏమీ లేదట, అన్నీ ఒకే తూకం. తొమ్మిదిలో లెక్కలు, సైన్సు వాళ్ళు పెట్టుకున్న గీతకు చాలా కింద ఉన్నాయి. అందువల్ల కాలేజీ ఆఫీసు ఒప్పుకోలేదు.

"మా దేశంలో తొమ్మిది లెక్కలోకి రాదని రాయండి," అంది మా అమ్మాయి.

అల్లుడు రాశాడు. ఆ సంగతి మాకు తెలుసు, అయినా మా పద్ధతి ఇది అని మర్యాదగా జవాబు వచ్చింది.

"పోనీ ఆ పరీక్ష మళ్ళీ రాయిస్తే? ఇప్పుడు రాస్తే నూటికి నూరు తెచ్చుకోదూ?" అంది మళ్ళీ తనే.

తొమ్మిదో తరగతి పరీక్ష మళ్ళీ ఎవరు పెడతారు? వేరే కాలేజీలకు రాద్దామంటే, ఏ కాలేజీకి వెళ్ళినా ఆ కార్డు వెంట వెళ్తుంది. ముందు రెండేళ్ళ చిన్న కాలేజీలో చేరి, తర్వాత మారొచ్చని కోచ్ ఒక దారి రాశాడు. ఆ రెండేళ్ళ ఫీజు మేమే పెట్టుకోవాలి. అల్లుడు ఆ వాక్యం రెండుసార్లు చదివి ఫోను బోర్లా పెట్టాడు.

మా అమ్మాయి గబగబా లేచి చపాతీ పిండి కలపడం మొదలుపెట్టింది. నీళ్ళెక్కువై జారుగా అయింది, ఇంకాస్త పిండి పోసింది, గట్టిపడింది, మళ్ళీ నీళ్ళు పోసింది. "నేనే అన్నాను కదా నాన్నా. నేనే అన్నాను, ఎవరడుగుతారని." అందరూ అన్నారమ్మా అన్నాను. అది నిజం. నా నోటినుంచి నిజం వచ్చినా అప్పుడు ఎవరికీ పనికిరాలేదు.

పిల్ల ఏడవలేదు. మర్నాడు స్కూలు నుంచి వస్తూ కాంపౌండ్ గేటు దగ్గర ఆ బస్సెక్కిందట. నా డ్రైవరు స్నేహితుడు బస్సు ఆపి మరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టించాడట. బస్సులో ఉన్నవాళ్ళంతా కొట్టారట. ఆ పిల్ల అందరికీ థాంక్యూ చెప్పి, దిగాల్సిన చోటు వచ్చేదాకా నవ్వుతూ కూర్చుందట. ఇంటికొచ్చి బ్యాగు దించి నా ఎదురుగా నిలబడింది.

"తాతయ్యా, ఎంతమందికి చెప్పావు?"

"ఇద్దరు ముగ్గురికి."

"తాతయ్యా."

"ఒక బస్సెడుమందికి."

"నువ్వే వెళ్ళి చెప్పు. నాకు మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేదు."

తిట్టలేదు. తిడితే ఏదో ఒక వేళాకోళంతో గట్టెక్కేవాణ్ణి. వెళ్ళి బస్సులో నా సీట్లో కూర్చున్నాను. సీటు రాలేదని, టికెట్టు సంగతి నేను కల్పించిందని, కోచ్ ఏడవలేదని చెప్పాను. జావెలిన్ నేను నేర్పలేదని కూడా చెప్పాను, దాంతో పనిలేకపోయినా. ఆయన తల నా వైపు తిప్పాడు.

"ఎందుకియ్యలేదట?"

"తొమ్మిదో తరగతిలో మార్కులు తక్కువని."

"తొమ్మిదా? గవి ఎవలడుగుతరు తాతా?" అన్నాడు. "మీరు మంచిగ చెప్పనట్టున్నరు. ఇంకోసారి అడుగుండ్రి."

ఎవరికి చెప్పినా ఇదే మాట. మళ్ళీ అడగండి, సరిగ్గా చెప్పి ఉండరు. చెప్పి చెప్పి నాకు గొంతు అలిసిపోయింది. గొప్పలు ఎన్ని చెప్పినా ఎన్నడూ అలిసిపోని గొంతు అది.

కోచ్ మంచివాడు. వారం తిరక్కుండా తనే మళ్ళీ కాల్ పెట్టాడు, పిల్లతో స్వయంగా మాట్లాడాలని. ఈసారి నన్ను ఎవరూ దూరంగా ఉండమనలేదు. పిల్ల పక్కనే కూర్చున్నాను, నోరు మెదపలేదు. తను చాలా గట్టిగా అడిగానని, ఆఫీసు కదల్లేదని, క్షమించమని ఆయన చెప్పాడు. అల్లుడు లేచి నిలబడి థాంక్యూ సర్ అన్నాడు. ఇక ముగించేలోపు పిల్ల చేయి ఎత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"సర్, ఒక్క ప్రశ్న. నా త్రో సరిపోయిందా?"

ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. సరిపోయింది అన్నాడు. ఈ ఏడాది నేను చూసిన పిల్లలందరిలో ముందుగా తీసుకోవాలనుకున్నది నిన్నే అన్నాడు. పిల్ల థాంక్యూ చెప్పి తనే కాల్ ఆపేసింది.

అప్పుడు ఏడ్చింది. వాళ్ళమ్మ దగ్గరికి తీసుకోబోతే వెళ్ళలేదు, నా భుజం మీదికి వాలిపోయింది. నేను ఓదార్పు మాటలు వెతుక్కున్నాను. నా దగ్గరున్నవన్నీ పెద్ద పెద్దవి, ఒక్కటీ పనికిరాలేదు. ఊరికే వీపు నిమురుతూ కూర్చున్నాను. ఆ పిల్లే తల ఎత్తి అంది.

"సరిపోలేదంటే బాగుండేది తాతయ్యా. ఇంకొంచెం దూరం విసిరేదాన్ని."