తల ఊపితే ఒక కిస్‌మిస్

మా అమ్మాయికి వినపడదు. ఆ సంగతి దానికి రెండేళ్లు నిండాక తెలిసింది. పదహారేళ్లకి మామూలు బడిలో, మామూలు పిల్లల పక్కన కూర్చుని పదో తరగతి పాసైంది. ఆ నెలలోనే నాకు ఉత్తరం వచ్చింది. ఢిల్లీలో వికలాంగుల సదస్సు జరుగుతోంది, అందులో నేను ఇరవై నిమిషాలు మాట్లాడాలిట. వినపడని పిల్లకి మాటలెలా నేర్పానో మిగతా తల్లులకి చెప్పాలిట. పొంగిపోలేదంటే అబద్ధం. ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను.

మేముండేది నోయిడాలో. సదస్సు నడిపేవాళ్లలో ఒకావిడని కలవడానికి బస్సెక్కి ఢిల్లీ వెళ్లాను. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని, స్కూలు టీచర్‌లా ఒక్కొక్కటే చెప్పింది. హాల్లో చూపు లేనివాళ్లుంటారు, ఏదైనా చూపిస్తే అదేమిటో నోటితో చెప్పాలి. వినపడనివాళ్లుంటారు, కాగితం మొహానికి అడ్డం రాకూడదు, వెలుతురు మొహం మీద పడాలి. నా మాటల్ని సైగల్లో చెప్పే అమ్మాయి పక్కనే నిలబడుతుంది, ఆ అమ్మాయికి రెండు రోజుల ముందే కాగితాలివ్వాలి.

"ఇంట్లో ఎవరికైనా ఒకసారి చెప్పి చూడండి దీదీ" అంది చివర్లో. "వాళ్లకి అర్థమైతే హాల్లో అందరికీ అర్థమైనట్టే."

"మా అమ్మాయే ఉందిగా!" అన్నాను నవ్వుతూ.

సైగల మాట వినగానే మాత్రం నా మొహం ముడుచుకుంది. చిన్నప్పుడు దానికి మాటలు నేర్పిన టీచరమ్మ రెండు షరతులు పెట్టింది. ఒకటి, సైగలు చెయ్యనివ్వకూడదు. చేతులు తొడల కింద పెట్టించి కూర్చోబెట్టాలి, అప్పుడే పెదాలు చూసి మాట గ్రహిస్తుంది. రెండోది, ఇంట్లో దానితో ఒక్క భాషే మాట్లాడాలి, అదీ హిందీయే. గుంటూరునించి వచ్చిన నాకు అప్పటికి కూరలు బేరమాడేటంత హిందీ కూడా రాదు. అయినా సరే అనుకున్నాను. మా ఆయనతో తెలుగు, కన్నకూతురితో వచ్చీరాని హిందీ. దాన్ని ఒక్కసారైనా తెలుగులో ముద్దుచేసిన గుర్తు లేదు. కోపమొస్తే మాత్రం తెలుగే వచ్చేది.

రోజూ పొద్దున అద్దం ముందు కూర్చునేవాళ్లం. ఒక వాక్యం చెప్పి, దాని గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, "సమ్ఝీ?" అనేదాన్ని. అర్థమైందా అని. తల ఊపితే ఒక కిస్‌మిస్ నోట్లో పెట్టేదాన్ని. ఊపకపోతే మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. కొన్ని నెలలకి అది అన్నిటికీ తల ఊపడం మొదలుపెట్టింది. నా కష్టం ఫలించిందని ఆ రోజు పాయసం వండాను.

ఇదంతా ప్రసంగంలో రాశాను. నాకు హిందీ అక్షరాలు చదవాలంటే కూడబలుక్కోవాలి, అందుకని హిందీ మాటల్ని తెలుగు లిపిలో రాసుకున్నాను. మధ్యలో జనం నవ్వడానికి నా హిందీ విని కూరలబండి భయ్యా పారిపోయిన సంగతి పెట్టాను. చివర్లో చిన్న తల్లులకి సలహాలు. పిల్లలు ఏడ్చినా చేతులు బయటికి తియ్యనివ్వకండి అని కూడా రాశాను.

ఆదివారం మధ్యాహ్నం బాల్కనీ వెలుతురు మొహం మీద పడేలా నిలబడ్డాను. అమ్మాయి ఎదురుగా దివాన్ మీద కూర్చుంది, అలవాటు కొద్దీ చేతులు తొడల కింద పెట్టుకుని. అది అలా కూర్చుంటుందన్న సంగతి నేను గమనించడం మానేసి ఎన్నాళ్లయిందో! మొదటి పేజీ చదివాను. తల ఊపింది. రెండో పేజీలో కూరలబండి దగ్గర నేను ఆగి నవ్వాను, అదీ నవ్వింది. మూడో పేజీ కూడా అయిపోయింది. ఇంతలో కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. వెళ్లి కిటికీలు తీసి, చెమట తుడుచుకుని, కాగితాలందుకుని మళ్లీ చదవడం మొదలుపెట్టాను. అది తల ఊపుతోంది. నేను నవ్వాను, అదీ నవ్వింది. అప్పుడు ఆగిపోయాను.

కూరలబండి ఇందాకే అయిపోయింది కదా! రెండో పేజీనే మళ్లీ చదువుతున్నాను. విన్నదే మళ్లీ వినిపిస్తే ఎవరికైనా కనుబొమ్మన్నా కదులుతుంది. దీనికేం కదల్లేదు.

కాగితం అక్కడే పట్టుకుని, అదే గొంతుతో, హిందీలో నిదానంగా అన్నాను. "ఇవాళ పొద్దున మన ఇల్లు కూలిపోయింది. మీ నాన్న ఒక ఏనుగుని కొనుక్కొచ్చారు."

తల ఊపింది.

"సమ్ఝీ?"

"హాఁ మమ్మీ" అంది స్పష్టంగా. ఎంత బాగా పలుకుతోందండీ అని అందరూ మెచ్చుకునే గొంతు అది.

మా ఆయన పేపరు దించి చూశారు. "ఏనుగేమిటే?"

నాకు ఒళ్లు మండిపోయింది. కాగితాలు నేలకేసి కొట్టి, "ఎన్నాళ్లనించే ఈ నాటకం? నన్నింత వెర్రిదాన్ని చేస్తావా?" అని తెలుగులో అరిచాను. అది నా మొహంకేసి బెదురుగా చూసింది. దానికీ తల ఊపింది. నేల మీది కాగితాలు ఏరుకున్నాను.

పక్కన కూర్చుని, కాగితం వెనక నా వంకర హిందీ అక్షరాల్లో రాశాను, ఎందుకలా ఊపుతావని. అది చదివి, నోటితోనే చెప్పింది.

"నేను మళ్లీ అడిగితే మీ మొహం మారిపోతుంది మమ్మీ. తల ఊపితే నవ్వుతారు."

బడిలో ఏమైనా అర్థమవుతుందా అని రాశాను. బోర్డు మీదది రాసుకుంటానంది. ఇంటికొచ్చి పుస్తకాలు చదువుకుంటానంది. అన్నం దగ్గర మేం మాట్లాడుకునేవి? అది తల అడ్డంగా ఊపింది. పద్నాలుగేళ్లు నా కంచం పక్కన కంచం పెట్టుకుని కూర్చుని, మేం దేనికి నవ్వుతున్నామో తెలియకుండానే మాతో నవ్విందన్నమాట నా తల్లి. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. దానికి వినపడదుగా, కుళాయి ఎందుకు తిప్పానో ఇప్పటికీ తెలీదు.

సదస్సుకి వారమే ఉంది. "ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసెయ్, సరిపోతుంది" అన్నారు మా ఆయన. రెండుసార్లు రిసీవర్ ఎత్తి పెట్టేశాను. రానని చెప్పేస్తే నా పరువు దక్కుతుంది. వెళ్లి ఆ కాగితాలే చదివితే, అక్కడికొచ్చిన చిన్న తల్లులు ఇళ్లకి వెళ్లి పిల్లల చేతులు తొడల కింద పెట్టిస్తారు. వెళ్లి నిజం చెబితే, అందరి ముందూ నేనేం చేశానో ఒప్పుకోవాలి.

ఒప్పుకోవాలనే ప్రసంగం మళ్లీ రాయడానికి కూర్చున్నాను, అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని. ఈసారి షరతు నాది. తల ఊపకూడదు. నేనొక వాక్యం చెబితే, దానికి అర్థమైందేమిటో దాని మాటల్లో తిరిగి చెప్పాలి. మొదటి సాయంత్రం నాలుగు వాక్యాలు దాటలేదు. నాకు విసుగొచ్చేది, దాచుకోబోతే అది కనిపెట్టేసేది. పొడుగు వాక్యాలన్నీ విరిగి ముక్కలయ్యాయి. సలహాలు మొత్తం కొట్టేశాను. ఒక్క వాక్యం మాత్రం దానికి చెప్పలేదు, కాగితం చివర నాకోసం రాసి పెట్టుకున్నాను.

మా ఆయన చేత హిందీ అక్షరాల్లో తిరగ రాయించి, సైగల అమ్మాయికి ఆ కాగితాలివ్వడానికి నేనూ మా అమ్మాయీ వెళ్లాం. ఆ పిల్ల నా మొదటి వాక్యాన్ని చేతుల్తో చేసి చూపించింది. మా అమ్మాయి ఆ చేతులకేసే చూస్తూ ఉండిపోయింది. బస్సులో నన్నడిగింది, అది తనకెవరూ ఎందుకు నేర్పలేదని. నేనే వద్దన్నానని చెప్పాను.

సదస్సు రోజున హాలు నిండిపోయింది. ముందువరసలో మా అమ్మాయి, పక్కన వాళ్ల నాన్న. అది చేతులు తొడల కిందే పెట్టుకుంది. "నా చేతిలో ఒక కిస్‌మిస్ పండు ఉంది" అని చూపులేనివాళ్లకోసం చెప్పి మొదలుపెట్టాను. అద్దం సంగతి, గడ్డం పట్టుకోవడం, పాయసం, ఏనుగు అన్నీ చెప్పాను. ఏనుగుకి కొందరు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకామె ఒళ్లోని పిల్లాడి చేతులు తన చేతుల్లోకి తీసుకోవడం కనిపించింది.

చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి అమ్మాయి మొహంకేసి చూడలేకపోయాను. నేర్చుకున్నదంతా మర్చిపోయి, తల దించేసి, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని గొణిగేశాను.

తలెత్తేసరికి ముందువరసలో ఒక చెయ్యి పైకి లేచి ఉంది.

"మమ్మీ, సమఝ్ మే నహీఁ ఆయా." అర్థం కాలేదని గట్టిగా, హాలంతా వినపడేలా అంది. పుట్టి బుద్ధెరిగాక అది నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

కాగితం పక్కన పెట్టేశాను. వెలుతురులోకి జరిగి, దాని కళ్లలోకి చూస్తూ మళ్లీ చెప్పాను. కన్నీళ్లతో పెదాలు వంకర పోయాయి కాబోలు, చెయ్యి దించలేదు. మొహం తుడుచుకుని మూడోసారి చెప్పాను. "ఇన్నేళ్లూ నిన్ను మా మధ్యే ఒంటరిగా కూర్చోబెట్టాను. తప్పు నాది. నన్ను క్షమించు."

చెయ్యి దించింది. తల మాత్రం ఊపలేదు.