బాపు గొంతుకు బటన్లు

మా బాపు పోయి ఏడాది కావస్తోంది. ఆయన కోసం నేను చేసిన యాప్ ఇంకా ఇంట్లో ట్యాబ్‌లో ఉంది. యాప్ అంటే పెద్ద కంపెనీలవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని చేసేదని అనుకునేదాన్ని. నాకు వచ్చిందల్లా నయాపూల్ దగ్గర ఒక డీటీపీ షాపులో పెళ్ళికార్డులు కంపోజ్ చేయడం, కోర్టుకు వచ్చేవాళ్ళకు అఫిడవిట్లు టైపు చేయడం. అంతకు మించి కంప్యూటర్‌తో నాకు చుట్టరికం లేదు.

శాలిబండలో మాది పాలవాళ్ళ ఇల్లు. బాపు చదువుకోలేదు, సంతకం కూడా బొమ్మ గీసినట్టు గీసేవాడు. నోరు మాత్రం బస్తీ మొత్తానికి సరిపోయేది. లాడ్ బజార్ దుకాణాల్లో పాలు పోస్తూ ఉర్దూలో లొల్లి పెట్టుకునేవాడు, మిగిలింది ఇంటికొచ్చి తెలుగులో మాతో పెట్టుకునేవాడు. అలాంటి మనిషి గొంతులో గడ్డ ఉందన్నారు డాక్టర్లు. స్వరపేటిక తీసేయాలి, ఇక మాట రాదన్నారు. గాయం మానాక మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఉంటుందట. మరి అప్పటిదాకా ఎలా అని అడిగితే, రాసి చూపించమనండి అన్నారు. రాయడం రాని మనిషికి ఎంత సులువుగా చెప్పారో! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే మొదలుపెట్టాను. ఆపరేషన్ అయ్యేలోపల బాపు మాటలు బాపు గొంతుతోనే రికార్డు చేయాలి. బొమ్మ నొక్కితే మాట పలకాలి. పంకా బొమ్మ నొక్కితే పంకా వెయ్యమని, అమ్మ బొమ్మ నొక్కితే అమ్మను రమ్మని. వెబ్‌సైట్ పేజీలు తయారుచేసే పని నేర్చుకుంటే చాలు, ఆ పేజీనే కంప్యూటర్‌లోనూ ట్యాబ్‌లోనూ యాప్‌గా పెట్టుకోవచ్చని వీడియోల్లో చెప్పారు. చెప్పేవాళ్ళకేం, నవ్వుతూ ఎన్నైనా చెప్తారు. షాపులో గిరాకీ లేనప్పుడు చూస్తూ, ఆపుతూ, మళ్ళీ చూస్తూ నేర్చుకున్నాను. ఒక్క బ్రాకెట్ మరిచిపోతే పేజీ మొత్తం తెల్లగా అయ్యేది. తప్పు ఎక్కడుందో దొరకక కంప్యూటర్‌ను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

షాపు కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. మౌస్ బాణం మీదికి రాగానే బొమ్మ పెద్దదయ్యేది, అది చూసి మురిసిపోయాను. ట్యాబ్‌లో పెడితే బాణమే లేదు, వేలే. ఆ వేలేమో బర్లను పితికి పితికి బండబారిన వేలు. మెల్లగా తాకు బాపూ అంటే వినడు, గంట స్విచ్ నొక్కినట్టు నొక్కి పట్టుకునేవాడు. అలా పట్టుకుంటే మాట రాకపోగా, బొమ్మను సేవ్ చేయాలా అని అడుగుతూ ఇంకో పెట్టె తెరుచుకునేది. బాపుకు ముద్దుగా తాకడం నేర్పించే ఓపిక నాకు లేదు. వేలు ఆనగానే పలికేలా యాప్‌నే మార్చాను. ఆసుపత్రి వార్డులో నెట్ అందదని పోయి చూసొచ్చి, మాటలన్నీ యాప్ లోపలే ఉండేలా చేశాను. నెట్ తీసేసినా అది పలికిన రోజు షాపులో కూర్చుని ఏడ్చాను.

ఇక మిగిలింది రికార్డింగ్. బోనాలప్పుడు మా గల్లీలో మైకు పట్టేది బాపే. మైకు చేతికొస్తే మనిషి మారిపోయేవాడు. రోజంతా అరేయ్ తురేయ్ అనే నోటి నుంచి 'భక్త మహాశయులకు మనవి' అని వచ్చేది. ఆ తెలుగు ఎక్కడ నేర్చాడో దేవుడికే తెలియాలి. నేను మైకు నోటి దగ్గర పెట్టగానే బాపు అంగీ సర్దుకున్నాడు. అప్పటికే బొంగురుపోయిన గొంతును సవరించుకుని, "దయచేసి పంకా వేయవలసిందిగా కోరుచున్నాము" అన్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు బాపూ అని బతిమాలాను.

"రికార్డయ్యే మాట బిడ్డా. నలుగురు వింటరు. జర మంచిగుండాలె గద," అన్నాడు.

అన్నీ అలాగే చెప్పాడు. ఒక్క బొమ్మ దగ్గర మాత్రం నోరు విప్పలేదు. అది ఏడుస్తున్న ముఖం. నొప్పి లేస్తోందని చెప్పు అన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మీద కయ్యిమంది. దవాఖానకు పోయే మనిషితో ఎవరన్నా అలాంటి మాట అనిపిస్తారా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అన్నది అన్నట్టే జరుగుతుంది అని గొడవ పెట్టింది. బాపు కూడా తల అడ్డంగా ఊపాడు. దాని బదులు నవ్వే ముఖం పెట్టమని, తనే ఒక మాట చెప్పాడు. "నేను క్షేమంగా ఉన్నాను. మీరందరూ భోజనాలు చేయవలసింది." నేను ఎంత వాదించినా ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఆపరేషన్ అయ్యాక, మెడకు కట్టుతో, ముక్కులో గొట్టంతో ఉన్న బాపు ఒళ్ళో ట్యాబ్ పెట్టాను. పంకా నొక్కాడు. పలికింది. వార్డులో అందరూ ఇటు తిరిగారు. తన గొంతు బయట నుంచి వినబడేసరికి బాపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చాక అమ్మ బొమ్మ ఎక్కువగా నొక్కేవాడు. 'ఇంటి ఇల్లాలు గారు ఒకసారి ఇటు రావలసిందిగా మనవి' అని పలికేది. పెళ్ళయిన నాటి నుంచి 'ఏమే' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి! మొదట్లో అమ్మ కడుపుబ్బ నవ్వింది. రాను రాను ఆ నవ్వు పోయింది. ఒకరోజు నా భుజం పట్టుకుని కూలబడింది.

"గొంతు మీ బాపుదే గని, మనిషెవరో మర్యాదస్తుడు బిడ్డా. నన్ను ఏమే అనేటోడు ఏడున్నడు?"

ఆ రికార్డింగులన్నీ మళ్ళీ విన్నాను. ఎక్కడా ఒక్క 'ఏమే' లేదు.

మాట్లాడే యంత్రం రాకముందే గడ్డ మళ్ళీ వచ్చింది. బాపు ముఖం ముడుచుకునేది, దుప్పటిని పిడికిట్లో పట్టుకునేవాడు. ఏమైందని అడిగితే నవ్వే ముఖం నొక్కేవాడు. క్షేమంగా ఉన్నాననీ, భోజనాలు చేయమనీ అది చెప్పేది. అమ్మ నమ్మి పళ్ళెం ముందు కూర్చునేది. డాక్టరేమో నొప్పి లేచినప్పుడల్లా మందు ఇవ్వండి, లేచినప్పుడు ఆయననే చెప్పమనండి అన్నాడు. ఏ మాటతో చెప్తాడు? ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క అబద్ధమే.

నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువైంది. ట్యాబ్ తీసుకుని మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఏడుపు ముఖం మళ్ళీ పెట్టి, నీ గొంతు లేకపోతే నా గొంతుతో పెడతా బాపూ అని రికార్డు నొక్కాను. 'నొప్పి' అన్నానో లేదో, బాపు లేచి అరచేత్తో నా నోరు మూసేశాడు. అంత బలం ఆ ఒంట్లో ఎక్కడ మిగిలిందో తెలియదు. ఆ మాట నా నోట వస్తే నాకు తగులుతుందని భయపడ్డాడు. వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాడు. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి గరగరమంటూ నా ముఖం మీద పడుతోంది. చెయ్యి తీయకుండానే నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

రికార్డింగ్ ఆపడం మరిచిపోయాను. తర్వాత విన్నాను. నా సగం మాట, ఆ వెనక బాపు ఊపిరి. అందులో మైకు లేదు, మర్యాద లేదు, అచ్చంగా మా బాపు. నా మాట కోసేసి, ఆ ఊపిరినే ఏడుపు ముఖానికి పెట్టి ఆయనకు వినిపించాను. అందులో తథాస్తు అనడానికి మాటే లేదు కాబట్టి బాపు కాదనలేదు. పోయేదాకా అదే నొక్కాడు. ఆ చప్పుడు వినబడగానే అమ్మ చేతిలో పని వదిలేసి, మందు సీసా తీసుకుని, "వస్తున్నయ్యా, వస్తున్న" అంటూ ఉరికొచ్చేది.