బాయికి ఇంగ్లీషు మాట

మా పాప బడి కోసం నేను తయారుచేసిన ఎక్సెల్ షీటులో పదకొండు బడులు, పద్నాలుగు కాలమ్‌లు ఉండేవి. ఇంటి నుంచి దూరం, బస్సు వచ్చే సమయం, తరగతిలో పిల్లలు ఎంతమంది, ఎండకు నీడ ఉన్న ఆటస్థలం ఉందా లేదా, ఇలా. నేను మస్కట్ దగ్గర సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్ని. మా దగ్గర ఒక వాల్వు ఎంచుకోవాలన్నా ముందు పట్టిక గీస్తాం. ప్రతి కాలమ్‌కూ ఇంత బరువని ఇస్తాం. చివరికి ఏది పైన నిలిస్తే దాన్ని తీసుకుంటాం. నాలుగేళ్ళ పిల్ల బడికి కూడా అదే పద్ధతి సరిపోతుందనుకున్నాను.

నా భార్య మా మేనమామ బిడ్డ, మంచిర్యాలలో పుట్టి పెరిగింది. షీటు చూసి, "బావా, గిది బడా, టెండరా?" అంది.

"నాలుగు చూసి ఎంచుకోవాలె గదా."

"ఎంచుకో, వద్దన్ననా. గీ సిబ్బంది అనే కాలమ్‌కు గంత బరువెందుకు? గండ్ల ఏమున్నది?"

టీచర్ల అర్హతలు, అనుభవం అన్నాను. అది అబద్ధం. బడుల వెబ్‌సైట్లలో టీచర్ల ఫొటోలు తెరిచి, బ్రిటన్ వాళ్ళు ఎంతమంది, మన రంగు వాళ్ళు ఎంతమంది అని లెక్కపెట్టి మార్కులు వేశాను. షీటులో మార్కు కనిపిస్తుంది, అది ఎలా వచ్చిందో కనిపించదు.

మస్కట్‌లో మన దేశపు సిలబస్ బడులు ఉన్నాయి. మా బిల్డింగులో పిల్లలంతా వాటికే పోతారు. అవి నా పట్టికలోకి రానేలేదు. నేను గోదావరిఖనిలో చదివింది పేరుకు ఇంగ్లీషు మీడియమే. సైన్సు, లెక్కలు బాగా వచ్చాయి. ఇంగ్లీషు మాత్రం కాగితం మీద ఆగిపోయింది. ఇప్పటికీ మీటింగులో నోరు తెరిచే ముందు వాక్యాన్ని లోపల ఒకసారి పూర్తిగా రాసుకుంటాను. రాసుకునేలోపు ఇంకొకడు ఆ మాట అనేస్తాడు. నా కూతురికి ఆ ఆలస్యం ఉండకూడదు. పద్నాలుగు కాలమ్‌ల వెనక ఉన్నది ఈ ఒక్క కోరికే.

పట్టికలో మొదట నిలిచిన బ్రిటిష్ బడిని చూడటానికి ముగ్గురం వెళ్ళాం. ఏడాదికి రెండుసార్లు వాన పడే ఊళ్ళో వరండా పొడవునా పిల్లల వానబూట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. నా భార్య నన్ను మోచేత్తో పొడిచి, "బావా, గీళ్ళకు వాన కూడ లండన్ నుంచే వస్తదా?" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ బూట్లు నాకు నచ్చాయి.

ఆ తరగతిలో ఖాళీ ఒక్కటే ఉంది. సీటు ఇచ్చే ముందు పిల్లతో ఇరవై నిమిషాలు మాట్లాడి చూస్తామన్నారు. వాళ్ళు ఇచ్చిన రోజుకు మేం సెలవు మీద గోదావరిఖనిలో ఉంటాం. ఆన్‌లైన్‌లో అయినా పర్వాలేదన్నారు.

*

మా బాపు బొగ్గుగనిలో సపోర్ట్‌మ్యాన్. లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టి, బోల్టులు బిగించే పని. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆ నెలలో ఆయనకు ఫస్ట్ షిఫ్టు పడింది. మధ్యాహ్నం కంపెనీ క్వార్టరుకు వచ్చి, స్నానం చేసి, అన్నం తినే దాకా పాప ఆయన వెనకే తిరిగేది.

"తాతా, యాడికి పోయినవ్?"

"బాయిలకు పోయిన బిడ్డా."

మా దగ్గర గనిని ఎవరూ గని అనరు. బాయి అంటారు. బాయిలకు దిగిండు, బాయి మీదికెళ్ళి వచ్చిండు, బాయిల పని. పొలం దగ్గర నీళ్ళ బాయీ బాయే, బొగ్గు బాయీ బాయే. ఏది ఏదో మాకు చెప్పాల్సిన పని లేదు. పాప అంతకుముందు వారమే మంచిర్యాల అవతల మా మామ పొలంలో నీళ్ళ బాయిని చూసి వచ్చింది.

"బాయిల ఏం చేస్తవ్?"

"మీద కప్పు ఉంటది గద, అది పడకుంట పట్టుకుంట."

"ఒక్కనివేనా?"

"మరి! తాత అంటే ఏమనుకున్నవ్?"

మా అవ్వ, అంటే మా అమ్మ, వంటింట్లోంచి "ఆ, ఆయన్నే పట్టుకుంటడు. ఇంట్ల గ్యాస్ బండ పట్టుమంటె నడుము నొస్తది" అనేది.

ఒకరోజు నేను ల్యాప్‌టాప్‌లో బడి వాళ్ళు పంపిన ఫారం నింపుతున్నాను. ఇంట్లో మాట్లాడే భాష అన్నచోట ఇంగ్లీషు అని రాశాను. పాప వచ్చి నా మోకాలు పట్టుకుని, "నాన్నా, బాయిని ఇంగ్లీషుల ఏమంటరు?" అని అడిగింది.

తల ఎత్తకుండానే "వెల్" అన్నాను.

నా పనిలో ఒక మాటకు రెండు అర్థాలుంటే, ఏ అర్థంలో వాడుతున్నామో డ్రాయింగు మూలన రాసి పెట్టాలి. లేకపోతే ఎక్కడో ఏదో పేలుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ నియమం నేర్పేది నేనే.

*

ఇంటర్వ్యూ రోజు మా ముందు గదిలో టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టాను. ఫ్యాను చప్పుడు చేస్తుందని ఆపేశాను. కుక్కర్ పెట్టొద్దని అవ్వకు చెప్పాను. బాపు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. లోపలి గదిలో ఉండమన్నాను. "దగ్గు గిట్ల వస్తె?" అన్నాడు. "పెరట్లకు పో బాపు" అన్నాను.

తెర మీద ఒకామె వచ్చింది. మంచి మనిషి, నవ్వుముఖం. రంగులు అడిగింది, పాప చెప్పింది. కప్పను చూపిస్తే కప్ప అంది, గొడుగును చూపిస్తే గొడుగు అంది, అంతా ఇంగ్లీషులోనే. నేను పక్కన కూర్చుని మనసులో టిక్కులు పెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఎవరింట్లో ఉన్నావని అడిగితే తాత ఇంట్లో అంది. మీ తాత ఏం చేస్తారు అని అడిగింది ఆమె.

"మై తాత గోస్ ఇన్ ద వెల్" అంది మా పాప.

ఆమె అర్థం కాక మళ్ళీ అడిగింది. బావిలోకా? అవును, రోజూ, అంది పాప. లోపల చీకటి, తాత కప్పు పడకుండా పట్టుకుంటాడు, తర్వాత ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తింటాడు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. నా కూతురు ఎక్కడా ఆగలేదు, లోపల రాసుకోలేదు. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. ఏదో రాసుకుంది. ఇది ఎవరైనా నీకు చెప్పిన కథా అని మెల్లగా అడిగింది. కాదు, నిజం, అంది పాప. ఆమె నా వైపు చూసింది.

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. మా నాన్న బొగ్గుగని కార్మికుడు, మా భాషలో గనికీ బావికీ ఒకటే మాట. ఆ వాక్యాన్ని లోపల రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఫారం గుర్తొచ్చింది. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే అని రాసినవాడికి 'మా భాష' ఎక్కడిది? ఆ తర్వాత 'కార్మికుడు' దగ్గర ఆగిపోయాను. మిగతా పిల్లల తాతల గురించి ఏం రాసి ఉంటారో ఊహించుకున్నాను. చివరికి నా నోటి నుంచి వచ్చింది వేరే వాక్యం. దీనికి ఊహలెక్కువ, వాళ్ళ తాత ఆఫీసులో పనిచేస్తారు.

పాప నా వైపు తిరిగి తెలుగులో, "కాదు నాన్నా, బాయిలకే పోతడు" అంది.

మైకు మీద చెయ్యి పెట్టి, "ఆఫీస్. ఆఫీస్ అని చెప్పు" అన్నాను.

పాప తెర వైపు తిరిగి, "ఆఫీస్" అంది.

కాల్ అయిపోయాక తల ఎత్తి చూస్తే లోపలి గది తలుపు కర్టెన్ పక్కన బాపు నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాల. ఆయనకు ఇంగ్లీషు రాదనుకోవడానికి లేదు. డ్యూటీ, షిఫ్టు, మస్టర్, సేఫ్టీ, ఆఫీస్. ముప్పై ఏళ్ళుగా ఈ మాటల మధ్యే బతికాడు.

"ఎట్లయింది?" అన్నాడు.

"మంచిగనే అయింది బాపు."

"ఆఫీసుల ఏం పోస్టు ఇచ్చినవ్ రా నాకు? క్లర్కా, ఆఫీసరా?"

అవ్వ పగలబడి నవ్వింది. "సర్వీసు దిగిపొయ్యే టైముకు ప్రమోషన్ వచ్చింది చూడు!" అంది. బాపు కూడా నవ్వాడు. నా భార్య నవ్వలేదు. ఫ్యాను వేసి, కుక్కర్ పెట్టడానికి లోపలికి పోయింది.

*

సీటు వచ్చింది. మెయిల్‌తో పాటు చిన్న రిపోర్టు కూడా పంపారు. భాష బాగుంది, అయితే నిజానికీ కల్పనకూ తేడా ఇంకా తెలియడం లేదు, ఇంట్లో గమనిస్తూ ఉండండి అని రాశారు.

నేను గమనించాను. మిగిలిన సెలవులో రోజూ పాపను కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయించాను. నీ పేరేమిటి, నీ వయసెంత, మీ తాత ఏం చేస్తారు. మూడో ప్రశ్నకు జవాబు నాలుగు రోజుల్లో కుదిరింది. ప్రాక్టీసు జరిగేది ముందు గదిలోనే. బాపు అక్కడే అన్నం తినేవాడు.

మేం బయల్దేరే రోజు పొద్దున బాపు హెల్మెట్, టిఫిను తీసుకుని గడప దాటుతున్నాడు. పాప నిద్ర లేచి వచ్చి, నన్నొకసారి చూసి, "తాతా, ఆఫీసుకు పోతున్నవా?" అంది.

బాపు కూడా నన్నొకసారి చూశాడు. "అవు బిడ్డా. ఆఫీసుకే" అన్నాడు.

*

బడిలో చేరిన కొన్ని నెలలకు ఒక వారం పాటు ఇంట్లో పెద్దవాళ్ళ పనుల గురించి పిల్లలతో మాట్లాడించారు. ఒకరోజు తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ వీడియోలో తరగతికి రావచ్చన్నారు. తల్లిదండ్రులు వెనక కూర్చోవచ్చు. బాపుకు ఆ వారం సెకండ్ షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉంటాడు. తమ్ముళ్ళెవరూ లేరు నాకు, ఫోన్ కలపడం అవ్వకే నేర్పించాను. మిగతాదేమీ నేను చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

తెర వెలిగింది. బాపు నా పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. పైగుండీ కూడా పెట్టుకున్నాడు. జేబులో పెన్ను ఉంది. నా చిన్నప్పటి నుంచి ఆయన జేబులో బీడీకట్ట చూశాను, తంబాకు డబ్బీ చూశాను, పెన్ను చూడలేదు.

టీచరు నమస్తే చెప్పి, మీరేం చేస్తారు సార్ అని అడిగింది.

"ఆఫీస్, మేడం" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా భార్య పక్కన కూర్చుని తన అరచేతిని చూసుకుంటోంది.

అందరి వంతూ అయ్యాక, ఇప్పుడు మా తాతను చూపిస్తాను అంది టీచరు. గోడ మీద ఒక పాత ఫొటో పడింది. నల్లటి ముఖం, కళ్ళూ పళ్ళూ మాత్రమే తెల్లగా. తల మీద హెల్మెట్, దానికి దీపం. ఆమెది బ్రిటన్‌లో బొగ్గు తవ్విన ప్రాంతమట. మా తాత జీవితమంతా పిట్‌లో పనిచేశాడు, మా ఇంట్లో అందరికంటే ఆయనంటేనే నాకు గర్వం అని చెప్పింది. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. నా షీటులో ఆమెకు పూర్తి మార్కులున్నాయి.

బాపు తెరకు దగ్గరగా వచ్చాడు. ఆయన ముఖం తెరంతా నిండింది.

"అరే, గీయన మనోడే గదరా!" అన్నాడు.

టీచరు నా వైపు తిరిగి, మీ నాన్నగారు ఏమన్నారు అని అడిగింది.

"ఫొటో బాగుందంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను.

నా కూతురికి తెలుగు వచ్చు. ముందు వరుసలో చాప మీద కూర్చున్నది మెడ తిప్పి నన్ను చూసింది. సరిదిద్దలేదు. నేర్చుకున్నది.

ఆదివారం బాపుకు ఫోన్ చేశాను. క్షమించమని అడుగుదామనే చేశాను. ఎండల గురించీ, సెకండ్ షిఫ్టు గురించీ మాట్లాడాను. ఆయనే అడిగాడు.

"వాళ్ళు బాయిని ఏమో అంటరన్నది గద ఆ టీచరమ్మ. ఏందది?"

"పిట్."

"అంటే?"

"గుంత."

"మనం బాయి అంటం, వాళ్ళు గుంత అంటరు. గంతే గదరా ఫరకు" అన్నాడు. "పోరికియ్యి ఫోను."

పాప ఫోన్ తీసుకుంది. స్పీకర్ నేనే పెట్టాను.

"తాతా, ఆఫీసు మీదికెళ్ళి వచ్చినవా?"

"వచ్చిన బిడ్డా. గిప్పుడే" అన్నాడు బాపు.