ఒళ్ళు వంగడం లేదన్న మాట

మొన్న పొద్దున్న బరంపురం స్టేషన్‌లో భువనేశ్వర్ బండి కోసం కూర్చున్నాను. మైకు గరగరలాడి, ముందు ఒడియాలో, తర్వాత హిందీలో, ఆపైన ఇంగ్లీషులో ఏదో బండి పేరు చెప్పింది. ప్లాట్‌ఫారం నిండా జనం. ఆ మాట అందరి చెవినా పడింది. లేచింది మాత్రం ఓ పదిమంది. వాళ్ళు మూటలు నెత్తికెత్తుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని కదిలారు. మిగిలినవాళ్ళు తినేవాళ్ళు తింటూ, కునికేవాళ్ళు కునుకుతూ ఉండిపోయారు. ఆ గరగర విన్నప్పుడల్లా నాకు అన్నపూర్ణ దిదీ గుర్తుకొస్తారు.

ఆవిడ మా బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. ఒడిశా బడుల్లో ఆడ టీచర్లను దిదీ అంటారు. మాది తెలుగు మీడియం బడే అయినా ఆ పిలుపే అలవాటైంది. మనిషి పొట్టి. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగుండేది. ఆవిడ తండ్రి రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అందుకేనేమో, ఆవిడ చెప్పే పాఠాల్లో బండ్లూ సిగ్నళ్ళూ తరచు వచ్చేవి.

ఒక రోజు బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, అక్కడక్కడ చుక్కలు పెట్టారు. మెదడు కింద బఠాణీ గింజంత చుక్క, పిట్యూటరీ. గొంతు ముందు సీతాకోకచిలుకలా థైరాయిడ్. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా అడ్రినల్. పొట్ట వెనక క్లోమం. "వీటిని వినాళ గ్రంథులంటారు. నోట్లో లాలాజలం వచ్చే గ్రంథికి గొట్టముంది. వీటికి గొట్టం లేదు. తయారుచేసిన హార్మోన్‌ను తిన్నగా రక్తంలో కలిపేస్తాయి" అన్నారు.

వెనక బెంచీ అప్పన్న చెయ్యెత్తాడు. "గొట్టం నేకపోతే అది ఎక్కడికెల్లాలో దానికెలా తెలుస్తాది దిదీ?"

దిదీ సుద్దముక్క కింద పెట్టారు. "మంచి మాటడిగావురా. టేసన్లో మైకులో పూరీ బండని సెప్తారు. ఎవరికినిపిస్తాది?"

"అందరికీని."

"లేసేదెవడు?"

"పూరీ ఎల్లీవోడు."

"అంతే. రక్తం వొల్లంతా తిరుగుతాది. హార్మోను అందరి చెవినా పడతాది. ఎవడికోసమో వాడే లేస్తాడు. ఆ పిలుపందుకునే చెవి కొన్ని కణాలకే ఉంటాది."

పుస్తకంలో రెండు పేజీలున్న విషయం ఆ నాలుగు ముక్కల్లో అయిపోయింది. కుక్క తరిమినప్పుడు గుండె దడదడలాడించేది అడ్రినల్ అనీ, తిన్న అన్నంలోని చక్కెరను కణాల్లోకి పంపేది క్లోమంలోని ఇన్సులిన్ అనీ, ఒంట్లో పొయ్యి ఎంత మండాలో చూసుకునేది థైరాయిడ్ అనీ ఆ వారమంతా చెప్పారు. నేను పరీక్ష రాశాను, మార్కులు తెచ్చుకున్నాను, మరిచిపోయాను.

కొన్నేళ్ళ తర్వాత నేను ఒక తెలుగు దినపత్రికకు బరంపురం విలేకరినయ్యాను. అప్పటికి దిదీ రిటైరై మా వీధి చివరే ఉండేవారు. మా అమ్మ ఇంటి అరుగు మీద ఎండుచేపలు అమ్మేది. మా అన్న సూరత్‌లో మిల్లు పని చేసేవాడు, ఏడాదికోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మా, నేనూ, వదినా, వదిన చంటిబిడ్డా. వదిన పేరు పోలమ్మ. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఉన్న పొడంపేట ఆమె పుట్టిల్లు. పెళ్ళై వచ్చిన కొత్తలో రెండు చేపల గంపలు ఒక్కత్తే దించేది. నవ్వితే వీధి చివరికి వినిపించేది.

బిడ్డ పుట్టిన ఏడాదికి ఆ మనిషి మారిపోయింది. పొద్దెక్కినా లేచేది కాదు. చీపురు పట్టుకుని సగం వాకిట్లో నిలబడిపోయేది. అమ్మ ఒకసారి పిలిస్తే పలికేది కాదు, నాలుగుసార్లు పిలిస్తే "ఆఁ" అనేది. గొంతు బొంగురుపోయింది. అమ్మ కేకలు రోజురోజుకూ పెరిగాయి. వదిన చెప్పే జవాబు ఒకటే. "ఒల్లొంగట్నేదత్తా."

తెలుగులో ఒళ్ళు వంగని మనిషి అంటే సోమరి. అలాంటిది, తన నోటితో తానే ఆ మాట అంటుంటే అమ్మకు ఒళ్ళు మండేది. "సూసావేట్రా? సిగ్గు నేకుండా ఎలా ఒప్పుకుంటందో!" అనేది నాతో. నేను నవ్వేవాడిని. ఆ నవ్వు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

చివరికి అమ్మ సూరత్‌కు ఫోన్ చేసింది. "నీ ఇష్టమమ్మా" అన్నాడు అన్న. ఆదివారం వచ్చి కూతురిని తీసుకుపొమ్మని పొడంపేటకు కబురు వెళ్ళింది. అలా పుట్టింటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావడం మా వాళ్ళలో అరుదు. బిడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ బిడ్డ మా దగ్గరే ఉండిపోతుందని అందరికీ తెలుసు. వదినకూ తెలుసు. కబురు వెళ్ళినప్పటి నుంచి బిడ్డను ఒడిలోంచి దించలేదు.

గురువారం మధ్యాహ్నం దిదీ ఎండు నెత్తళ్ళ కోసం వచ్చారు. వైశాఖపు ఎండ. అరుగు రాయి కాలుతోంది. వదిన దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుంది. అమ్మ నెత్తళ్ళు తూస్తూనే మొదలుపెట్టింది. "సూడు దిదీ, మారాణీ గారికి ఈ ఎండలో సలేస్తందంట!"

దిదీ గొడుగు మడిచారు. వదిన పక్కన కూర్చుని అడిగారు. "ఏటమ్మా, ఏటవుతంది నీకు?"

"ఒల్లొంగట్నేదు దిదీ" అంది వదిన.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వబోయాను. దిదీ నవ్వలేదు. "ఆ మాట మల్లీ సెప్పు. ఎక్కడ ఒంగట్నేదు?"

వదిన ఆవిడ మొహంలోకి చూసింది. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మెల్లగా వేళ్ళు చూపించింది, పొద్దున్న పిడికిలి బిగియదంది. మోకాళ్ళు చూపించింది. ఒళ్ళు తడి ఇసక మూటలా ఉందంది. జుట్టు చేతికి ఊడొస్తోందంది. దిదీ ఆమె గడ్డం పైకెత్తి ఉబ్బిన మొహాన్నీ, కొసల్లో పలచబడ్డ కనుబొమ్మల్నీ చూశారు.

"అప్పా" అన్నారు అమ్మతో, అక్కను పిలిచినట్టు, "ఈ పిల్ల నీకు నిజం సెప్తంది. నువ్వు సామెత ఇంటన్నావు." ఆ తర్వాత నావైపు తిరిగారు. "నేను డాక్టర్ని కాదు. రేపు పెద్దాసుపత్రికి తీసుకెల్లి గొంతు గ్రంథికి రక్తపరీక్ష సేయించు. ఏరా, పేపరోడివి కదా, నీ పనేటి? మాట ఇనడమే కదా? ఇన్నాల్లబట్టీ ఇంట్లో ఇదే మాటంటంటే ఏటిన్నావు?"

మర్నాడే వదినను ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

శనివారం సాయంత్రం కాగితం చేతికొచ్చింది. డాక్టరు థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందన్నారు, రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నారు. అమ్మ ఆ కాగితం నాచేత చదివించుకుంది. అందులో టీఎస్‌హెచ్ అనేది బాగా ఎక్కువని ఉంది. అమ్మకు అనుమానమొచ్చి కాగితం పట్టుకుని దిదీ ఇంటికి నడిచింది. వెనకే నేను.

"ఎక్కువుందని రాసి, తక్కువకి మందిత్తారేటి దిదీ? ఆల్లకి మతి పోయిందా?"

"ఆ ఎక్కువున్నది గొంతులోది కాదప్పా" అన్నారు దిదీ. "తలకాయలో బఠాణీ గింజంత పెద్దమనిషొకడున్నాడు. పని సెయ్యమని గొంతుకి కేకేస్తాడు. గొంతు పలికితే ఊరుకుంటాడు. పలక్కపోతే ఇంకా గట్టిగా అరుస్తాడు. ఈ కాగితంలో ఎక్కువున్నది ఆ అరుపు. అరిసినకొద్దీ గొంతు పని సేస్తాదా? దానికి సత్తువే నేదు. ఎంతరిస్తే ఏం లాభం?"

అమ్మ కాగితం మడిచింది. దిదీ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అమ్మ అవి తాగి, "నాను సేసిందీ అదే కదా" అంది.

ఆదివారం వదిన తండ్రి వచ్చాడు. బట్టల మూట మోయడానికి ఖాళీ సంచి కూడా తెచ్చుకున్నాడు. అమ్మ ఆయనకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "పిల్లకి ఒంట్లో బాగోనేదు, మందేస్తన్నాం. నాదే తప్పు, అన్నం తినెల్లు" అంది. ఆ సంచినిండా ఎండుచేపలు పోసి పంపింది.

మందు పని చేయడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి అమ్మ మళ్ళీ నోరు జారింది కూడా. మనుషులు ఒక్కరోజులో మారరు. కానీ వానలు పడేనాటికి వదిన దుప్పటి మడిచి అటకెక్కించింది. ఒకనాడు బిడ్డను చంకనేసుకుని బయల్దేరింది. "అత్తా, మా ఊరెల్లొస్తాను. ఆరోజు ఎల్తే పంపేసినట్టుండును. ఇప్పుడైతే నానే ఎల్తన్నాను" అంది. నెల తిరక్కుండా తిరిగొచ్చింది.

నేను వార్తలు రాసే పద్ధతి ఆ గురువారం నుంచే మారింది. అంతకుముందు ఎవరు ఏమన్నా 'ఆవేదన వ్యక్తం చేశారు', 'వాపోయారు' అని రాసి ముగించేవాడిని. తర్వాత తుపాను చుట్టుముట్టిన పల్లెల్లో తిరిగినా, ఆఫీసుల గుమ్మాల్లో నిలబడినా, అలవాటుగా విని వదిలేసే మాట దగ్గర ఆగడం నేర్చుకున్నాను. ఆ మాట మళ్ళీ చెప్పమంటాను. ఎక్కడ, ఎలా అని అడుగుతాను. ఇప్పుడు పత్రిక డెస్క్‌లో కూర్చుని ఇతరుల వార్తలు దిద్దుతున్నా, ఎవరైనా వాపోయారని కనిపిస్తే ఫోన్ చేసి, ఆ మనిషి అన్న మాటేమిటని అడుగుతాను.

దిదీ పోయినప్పుడు పత్రికలో నాలుగు పేరాలు నేనే రాశాను. వదినను కూడా ఒక మాట చెప్పమన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, "నా మాట ఇన్నాది బాబూ. అంతే" అంది. రాసి పంపాను. ప్రూఫు వచ్చేసరికి ఎవరో మర్యాద కోసం దాన్ని 'ఆమె నా గోడు ఆలకించారు' అని దిద్ది ఉంచారు. నేను కొట్టేసి, వదిన అన్నది అన్నట్టే రాసిచ్చాను. మర్నాడు అలాగే అచ్చయింది: 'నా మాట ఇన్నాది.'